అట్ట మీది మొఖం

కుడితి బకెట్లోంచి తీసిన క్యాసెట్టును ఎల్లస్వామి తువ్వాలతో మూడోసారి తుడిచాడు. అయినా కంపు పోలేదు. నిన్నటి గంజి, కుళ్ళిన వంకాయ ముక్కలు, పులిసిన పప్పునీళ్ళు ప్లాస్టిక్ డబ్బా సందుల్లోకి దిగిపోయాయి. అట్ట మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద నవ్వుతున్న పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది.

ఆ పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయి. చేతిలో మైకు. తలపైన ఎర్రటి అక్షరాలతో 'తుఫాన్ పార్టీ - ఇరవై రెండేళ్ళ పాటలు' అని ఉంది. పాదాల దగ్గర 'గానం: స్వీటీ' అని ఉంది. లోపల టేపు మీద పదకొండు పాటలున్నాయి. పదకొండూ పాడింది జానమ్మ.

సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెత కట్టినవాడు కూడా ఇంతటి నీచాన్ని చూసి ఉండడు.

జానమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. నిన్న మధ్యాహ్నం కంపెనీ వాళ్ళు పంపిన పార్సిల్ విప్పి, అట్ట చూసి, పక్కింటి బర్రె కోసం పెట్టిన కుడితిలో క్యాసెట్టును పారేసింది. అప్పటినుంచి పొయ్యి ముట్టించలేదు. నోరు విప్పలేదు. పాలమూరు జిల్లాలో ఏ జాతరలోనైనా మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించే గొంతు, సొంత ఇంట్లో నిన్నటినుంచి ఒక్క మాట పలకలేదు.

"మూడు గంటలకు క్యాసెట్ ఫంక్షన్," అన్నాడు ఎల్లస్వామి క్యాసెట్టు వైపే చూస్తూ. "టౌనుహాలు నిండ జనం వస్తరు. గిప్పుడు నువ్వు గిట్ల మూతి ముడుచుకోని కూసుంటే ఎట్ల?"

జానమ్మ గోడ వైపు చూసింది.

ఆమె చూడకపోయినా అతను చెప్పుకుంటూ పోయాడు. పేరుదేముందన్నాడు. పాట బయటికి రావడం ముఖ్యమన్నాడు. కంపెనీ హైదరాబాదుది, వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయన్నాడు. అయినా షాషాబ్‌గుట్ట మొదలు జడ్చర్ల దాకా ఆ గొంతు ఎవరిదో తెలియనివాళ్ళెవరన్నాడు. అందరికీ తెలిసిన పేరును అట్ట మీద అచ్చువేయడానికి ఏం రోగమొచ్చిందని అడిగేవాళ్ళు లేరు గనుక, ఆ మాటను రెండుసార్లు అన్నాడు.

అడిగేవాళ్ళు ఒకరున్నారు. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని వక్క దంచుకుంటున్న అతని తల్లి బిక్షమ్మ రోలు పక్కన పెట్టింది. కొడుకు గిటారు వాయించడం గానీ, కోడలు స్టేజీ ఎక్కడం గానీ ఆమెకు ఏనాడూ గిట్టలేదు. పెళ్ళయిన కొత్తలో ఆర్నెల్లు కోడలి చేతి నీళ్ళు కూడా తాగలేదు.

"నేను దాన్ని తిట్టని తిట్టు లేదురా," అంది బిక్షమ్మ. "మొగోళ్ళ నడుమ నిలబడి పాడ్తదని బజార్ల నిలబెట్టి తిట్టిన. గని తిట్టినప్పుడు గూడ పేరు వెట్టే తిట్టిన. జానమ్మా అనే తిట్టిన. నువ్వు పేరే గుంజుకుంటివి గదరా."

ఎల్లస్వామి తువ్వాల మడిచాడు. మళ్ళీ విప్పాడు.

అతని ఆకలి ఈ కథ చెబుతున్న నాకు తెలియనిది కాదు. డెబ్బై రెండులో అప్పోసప్పో చేసి కరెంటు గిటారు కొన్నప్పుడు ఈ జిల్లాలో అలాంటిది ఇంకొకటి లేదు. ఊళ్ళవాళ్ళు దాన్ని చూడడానికే వచ్చేవాళ్ళు. డెబ్బై తొమ్మిదిలో హైదరాబాదులో రికార్డు కోసం నాలుగు పాటలు పాడి వచ్చారు. ఆ కంపెనీ రికార్డు వేయకముందే షట్టరు దించుకుంది. ఎనభై ఆరులో నల్గొండలో ఒక సినిమా హాలును పొద్దుటి పూట అడిగి తీసుకుని టేపు చేశారు. ఇంటికొచ్చి వింటే పాటకంటే ఫ్యాన్ల చప్పుడే ఎక్కువ వినిపించింది. చివరికి నిరుడు జడ్చర్ల ఉర్సులో, స్టేజీ కింద టేపు రికార్డరుకు కంబళి చుట్టి పెట్టి, ముందు రెండు మైకులు అదనంగా నిలబెట్టి చేసిన టేపు అద్భుతంగా వచ్చింది. జనం ఈలలతో సహా వచ్చింది. ఆ టేపే ఇది. ఇరవై రెండేళ్ళు వాయించినవాడికి తన పాట దుకాణంలో వినాలని ఉండదా? ఉంటుంది. కానీ ఆకలైందని ఎవరూ పెళ్ళాం కంచంలోంచి లాక్కుని తినరు.

జానమ్మ ఆ రోజుకు మొదటి మాట అప్పుడు మాట్లాడింది.

"గా పిల్ల ఫోటో వెడ్తరని నీకెప్పుడు ఎర్కైంది?"

"నిన్ననే," అన్నాడు ఎల్లస్వామి. "పార్సిల్ ఇప్పినంక. నీతోని పాటే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో అతనికి అర్థం కాలేదు.

అంతలో వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. అహ్మద్ అలీ వచ్చాడు. పగలంతా పాలమూరు గడియారం చౌరస్తాలో రేకు బకెట్లు చేసి అమ్ముతాడు. జాతర్లొస్తే తుఫాన్ పార్టీలో డ్రమ్ములు వాయిస్తాడు. పదిహేడో ఏట వచ్చి చేరాడు. ఇప్పుడు గడ్డం నెరిసింది. జానమ్మను అక్కా అంటాడు, ఎల్లస్వామిని అన్నా అంటాడు. ఇవాళ మాత్రం ఎవరినీ పలకరించలేదు. ఒంటి మీద కంపెనీ పంపిన నీలం చొక్కా ధగధగా మెరుస్తోంది. చంకలో అలాంటివే ఇంకో రెండు, ఎల్లస్వామికీ, కీబోర్డు వాయించే కురుమయ్యకూ.

మూడు చొక్కాలు వచ్చాయి. నాలుగో మనిషికి చీర రాలేదు. ఆ సంగతి వాకిట్లో అందరికీ ఒకేసారి తట్టింది.

"తమ్మీ," అంది జానమ్మ. "క్యాసెట్ కంపెనీ గోపయ్య ఆఫీసుకు అన్నతోని నువ్వు గూడ పోయినవ్ గద. గా పిల్ల ఫోటో ఎప్పుడు చూసిన్రు మీరు?"

అహ్మద్ అలీ ఎల్లస్వామి వైపు చూశాడు. ఎల్లస్వామి తువ్వాల వైపు చూశాడు.

"రంజాన్ ముందు, అక్కా," అన్నాడు అహ్మద్ అలీ.

రంజాన్ పోయి రెండు నెలలు దాటింది. ఇప్పుడు ఎండలు మండుతున్నాయి. ఈ మధ్యలో ఎల్లస్వామి రోజూ ఇదే గడప మీద కూర్చుని, ఆమె వడ్డించిన అన్నం తిని, క్యాసెట్టు ఎప్పుడొస్తుందో ఏమో అని ఆమెతో కలిసి ఎదురుచూశాడు. అట్ట మీదికి ఏ ఫోటో ఇస్తే బాగుంటుందని ఆమె అడిగితే, మొన్న చుట్టాల పెండ్లిలో దిగినదే ఇద్దామన్నాడు కూడా.

"ఏమన్నడు గోపయ్య?" జానమ్మ గొంతు పెరగలేదు.

అహ్మద్ అలీ చెప్పడానికి ఇష్టపడలేదు. ఆమె మళ్ళీ అడిగింది. క్యాసెట్ కంపెనీ గోపయ్య బల్ల మీద రెండు ఫోటోలు పెట్టాడట. ఒకటి జానమ్మది, ఒకటి ఈ పిల్లది. జానమ్మ ఫోటోను వేలితో పక్కకు జరిపి, గొంతు బంగారమే గానీ ఈ మొఖం అట్ట మీద వేస్తే దుకాణపువాడు చేత్తో కూడా తాకడు అన్నాడట. నలుపు, వయసు, చెంపల మీద చిన్నప్పటి అమ్మవారి మచ్చలు, అన్నీ ఒక్కొక్కటి చూపించి మరీ చెప్పాడట.

"మరి అన్న ఏమన్నడు?"

"ఏమనలే. చాయ్ తాగిండు."

"నువ్వు?"

అహ్మద్ అలీ మెరిసే చొక్కా గుండీ ఒకటి పెట్టుకున్నాడు, తీశాడు. "నాకు గూడ చాయ్ ఇచ్చిన్రు, అక్కా," అన్నాడు.

జానమ్మ లేచి పెరట్లోకి వెళ్ళి నోట్లో నీళ్ళు పోసుకుని ఉమ్మేసింది. గోపయ్య ఎవడో, అతని మాట ఎంతో! జాతర్లలో అంతకంటే రోత మాటలు విని, విననట్టే పాట ఎత్తుకున్న మనిషి ఆమె. ఆమెకు రోత పుట్టించింది ఆ చాయ్. తన ముఖాన్ని ఒకడు వేలితో పక్కకు నెడుతుంటే, తన మొగుడు సాసర్లో పోసుకుని చల్లార్చుకుని తాగిన చాయ్.

తిరిగొచ్చేసరికి ఎల్లస్వామి లేచి నిలబడి ఉన్నాడు. ఇంకా ఏదో చెప్పాల్సింది మిగిలిందని అతని నిలబడే తీరులోనే తెలిసింది.

"ఇంకేమున్నది? అదిగూడ చెప్పు," అంది.

చెప్పాడు. ఫంక్షన్లో తుఫాన్ పార్టీ నిజంగా వాయించదు. వాయిద్యాలు పట్టుకుని స్టేజీ మీద నిలబడతారు. గిటారుకు వైరు ఉండదు, కీబోర్డుకు కరెంటు ఉండదు, అహ్మద్ పుల్లలు డ్రమ్ములకు తగలకుండా ఆడిస్తాడు. వెనక టేపు మోగుతుంది. స్వీటీ పెదవులాడిస్తుంది. పట్నంలో ఇప్పుడంతా ఇలాగే చేస్తున్నారట. అయితే ఆ పిల్లకు పాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియడం లేదు. పన్నెండు గంటలకు టౌనుహాలుకు వచ్చి ఆ పిల్లకు కాస్త చూపించమని గోపయ్య జానమ్మను అడగమన్నాడు.

మంచం మీద బిక్షమ్మ వక్కాకు పక్కకు ఉమ్మింది. ఆ ఉమ్మి కొడుకు కాళ్ళకు జానెడు దూరంలో పడింది.

"నా నోరు గామెకు నేర్పాల్నా?" అంది జానమ్మ.

"ఒక్క గంట పని, జానా."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అతను ఆమెను ఎప్పుడు ఏం అడిగినా చివర అలాగే జానా అనేవాడు. ఆ పిలుపుకు ఆమె కరిగేది. ఇవాళ ఆ పిలుపు కూడా కుడితిలోంచి తీసినట్టే ఉంది.

జానమ్మ లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని, స్టేజీకి కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. అహ్మద్ అలీ పక్కకు జరిగి దారిచ్చాడు. ఎల్లస్వామి ముఖంలో ఊరట కనిపించింది. ఆ ఊరట చూసి నాకే ఒళ్ళు మండింది.

*

టౌనుహాలు వెనక మెట్ల మీద ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. మే నెల ఎండలో, మొఖానికి పూసిన పౌడరు చెమటలో కలిసి మెడ మీదికి తెల్లగా కారుతోంది. ఒళ్ళో టేపు రికార్డరు పెట్టుకుని ఒకే చరణం మళ్ళీ మళ్ళీ తిప్పి వింటోంది. ఆ చరణం జానమ్మది.

దారిపొడుగునా జానమ్మ అనాల్సిన మాటలు నాలుగైదు పేర్చుకుంది. ఒకటి అననే అంది.

"ఊరోళ్ళ గొంతు మింగేదానికి నీళ్ళు కావాల్నా స్వీటీ?"

ఆ పిల్ల గబుక్కున లేచి నిలబడింది. టేపు రికార్డరు కింద పడబోతే పట్టుకుంది.

"నా పేరు సైదమ్మ, అక్కా," అంది. "మాది మిర్యాలగూడ దిక్కు. స్వీటీ అని ఆళ్ళు వెట్టిన్రు. మా అమ్మకు సుత తెల్వదు ఆ పేరు."

గాజుల దుకాణం క్యాలెండరు కోసమని నిరుడు ఫోటో తీశారట. ఆ ఫోటో చేతులు మారి గోపయ్య దగ్గరికి చేరిందట. ఇందులో వేరేవాళ్ళ గొంతు ఉంటుందని మొన్న బస్సెక్కాకే చెప్పారట. రానంటే, ఇచ్చిన చీరలు, పెట్టిన ఖర్చు అన్నీ ఎత్తిచూపారట. చెప్పేటప్పుడు ఆ పిల్ల ఏడవలేదు. తలవంచుకుని, వేరేవాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

జానమ్మ పేర్చుకున్న మిగతా మాటలు నోట్లోనే ఉండిపోయాయి. మింగలేక, కక్కలేక, మెట్టు మీద కూలబడింది. తిట్టడానికి వచ్చిన మనిషికి తిట్టడానికి తగిన మనిషి దొరకకపోవడం కూడా ఒక శిక్షే.

తర్వాత జానమ్మ ఆ పిల్ల చేతిలోంచి టేపు రికార్డరు తీసుకుంది. ఇక్కడ ఊపిరి తీసుకోవాలంది. ఇక్కడ తల ఎత్తితే పలుకు తెరుచుకుంటుందంది. ఎందుకు చెబుతోందో ఆమెకే తెలియలేదు. ఇరవై రెండేళ్ళలో పాట గురించి ఎవరైనా అడిగితే చెప్పకుండా ఉండడం ఆమెకు చేతకాలేదు, అంతే.

చివరి పాట దగ్గర సైదమ్మ టేపు ఆపింది. "గీడ పేర్లు పిలుస్తున్రు గదక్కా. గిదేంది?"

తుఫాన్ పార్టీ ఎక్కడ వాయించినా చివరి పాట నడుమ ఆ పిలుపు ఉంటుంది. అది మొదటి ఏడాది పుట్టింది. జడ్చర్ల దగ్గర ఒక ఊళ్ళో పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. జనం చీకట్లో స్టేజీ మీదికి తోసుకొచ్చారు. ఒక పక్క బల్లలు విరిగాయి. ఎవరు పడ్డారో, ఎవరు నిలబడ్డారో తెలియక జానమ్మ భయంతో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. అహ్మద్ తమ్మీ, ఏడున్నవ్? నోట మాట రాక ఆ పదిహేడేళ్ళ పిల్లవాడు డ్రమ్ము మీద దరువేశాడు. ఎల్లస్వామిని పిలిస్తే, కరెంటు లేని గిటారు పలకలేదు. అతను నోటితో అరిచాడు: ఈడనే ఉన్న జానా, భయపడకు. అప్పటికి వాళ్ళకు పెళ్ళి కాలేదు. మరుసటి నెలలో అయింది.

చీకట్లో మొదలైన ఆ పిలుపు తర్వాత ఆటగా మారింది. ఆమె ముందు కురుమయ్యను పిలుస్తుంది, తర్వాత ఎల్లస్వామిని, చివర అహ్మద్ అలీని. పేరు వినగానే ఎవరి వాయిద్యం వాళ్ళు పలికిస్తారు. అందరూ పలికాక అహ్మద్ అలీ డ్రమ్ము ఆపి కేకేస్తాడు: మా జానక్క ఏడున్నది? అప్పుడు ఆమె పై స్థాయిలో రాగం అందుకుంటుంది. జనం వేచి ఉండేది దానికోసమే.

సైదమ్మ మళ్ళీ టేపు తిప్పి విన్నది. "అందర్ని మీరే పిలుస్తున్రు. మరి మీ పేరు ఎవలు పిలువలే?"

"పిలిచిన్రు," అంది జానమ్మ. "గది కోసేసిన్రు."

డ్రమ్ము చప్పుడు అవుతూనే రాగం వచ్చేసింది టేపులో. నడుమ కేక ఉన్నట్టు ఆనవాలు కూడా లేదు. పనివాడెవడో బాగా చేసిన పని.

*

మూడింటికి హాలు నిండింది. ఎల్లస్వామి ముందు వరుసలో కుర్చీ ఉంచాడు గానీ జానమ్మ ఆడవాళ్ళ వైపు నాలుగో వరుసలో కూర్చుంది. పక్కన బిక్షమ్మ. కొడుకు గిటారు ఏనాడూ వినడానికి రాని ముసలామె ఇవాళ కర్ర పొడుచుకుంటూ నడిచి వచ్చింది.

గోపయ్య మైకు ముందు చాలాసేపు మాట్లాడాడు. పల్లె గొంతును ప్రపంచానికి వినిపించడమే తన జన్మకు పరమార్థమన్నాడు. మట్టిలో మాణిక్యాలన్నాడు. మాణిక్యం పేరు మాత్రం చెప్పలేదు. ముందు వరుస పెద్దలు చప్పట్లు కొట్టారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని బిక్షమ్మ గొణిగింది. ముందు కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు.

తెర లేచింది. నీలం చొక్కాల్లో ముగ్గురు నెరిసిన మగవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు సైదమ్మ, అట్ట మీది చీరలో. పక్కన తెర చాటున టేపు మీట నొక్కిన చప్పుడు నాలుగో వరుస దాకా వినిపించింది.

జానమ్మ గొంతు హాలు నిండా పరచుకుంది. ఎల్లస్వామి వేళ్ళు తీగల మీద కదులుతున్నాయి. గిటారు వైరు చుట్టచుట్టి అతని కాళ్ళ దగ్గర పడి ఉంది, ఎక్కడా తగిలించి లేదు. జానమ్మ చెప్పినచోటల్లా సైదమ్మ ఊపిరి తీసుకుంది. తల ఎత్తమన్నచోట ఎత్తింది. జానమ్మ తన గొంతు ఇంకొకరి నోట్లోంచి రావడం చూస్తూ కూర్చుంది. వెనక ఎవరో, గా గొంతు మన జానమ్మది గాదా అన్నారు. ఇంకెవరో, ఊకో, చూడు అన్నారు. ఊరందరికీ తెలుసన్న ఎల్లస్వామి మాట నిజమే. అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళకూ ఎవరో చాయ్ పోసినట్టే ఉంది.

చివరి పాట వచ్చింది. టేపులో ఆమె కురుమయ్యను పిలిచింది. కురుమయ్య మోగని కీబోర్డు మీద వేళ్ళు తిప్పాడు. ఎల్లస్వామిని పిలిచింది. టేపులో గిటారు పలికింది, స్టేజీ మీద అతని తల సమయానికి ఊగింది.

"అహ్మద్ తమ్మీ, ఏడున్నవ్?"

అహ్మద్ అలీ పుల్లలు గాల్లో ఆడించాలి. పొద్దుట్నుంచి పదిసార్లు చెప్పారు. కానీ పదిహేడో ఏట నుంచి ఆ గొంతు ఆ మాట అడిగిన ప్రతిసారీ అతని చేతులు జవాబు చెప్పాయి. అవి ఇవాళా చెప్పాయి. దరువు పడింది. టేపులోని డ్రమ్ము ఒకటి, దానికి అర క్షణం వెనక అసలు డ్రమ్ము ఒకటి. హాలంతా ఉలిక్కిపడింది. గోపయ్య తెర చాటు నుంచి చెయ్యి ఊపాడు.

అహ్మద్ అలీ తన చేతుల వైపు తానే విడ్డూరంగా చూసుకున్నాడు. ఆగితే బాగుండేది. కానీ దరువు తర్వాత వచ్చేది ఏమిటో అతని నోటికి అలవాటు.

"మా జానక్క ఏడున్నది?"

టేపులో రాగం అప్పటికే పైకి లేచింది. సైదమ్మ నోరు మూసుకుంది. కావాలనే మూసుకుందని నాలుగో వరుసకు కూడా తెలిసింది. మూసిన నోటి ముందు మైకు, హాలంతా రాగం. ఎవరో ఫక్కున నవ్వారు. టేపు టక్కున ఆగిపోయింది.

జానమ్మ లేచి నిలబడింది. బిక్షమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆపడానికో, లేపడానికో తెలియలేదు.

"ఈడున్న తమ్మీ," అంది జానమ్మ.

మైకు లేదు. చివరి వరుసకు వినిపించింది. వెనక బల్లల మీద ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అందుకోబోయారు. ఆమె చెయ్యెత్తి ఆపింది. ఆమె స్టేజీ మీద అహ్మద్ వైపు చూడటం లేదు. గిటారు వైపు చూస్తోంది.

"ఏమయ్యా," అంది. "నువ్వేడున్నవ్?"

ఎల్లస్వామి వేళ్ళు అలవాటుగా తీగలు మీటాయి. చప్పుడు రాలేదు. అతను కింద చుట్టచుట్టి పడి ఉన్న వైరు వైపు చూశాడు. తెర చాటున గోపయ్య, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. అహ్మద్ అలీ పుల్లలు ఒళ్ళో పెట్టుకుని అన్న ముఖమే చూస్తున్నాడు. కరెంటు లేని గిటారు పలకదని జడ్చర్ల దగ్గరి ఆ చీకట్లోనే తెలిసింది. ఆ రోజు ఎల్లస్వామికి నోరుంది.

హాలు వేచి ఉంది. నాలుగో వరుసలో జానమ్మ నిలబడే ఉంది. ఎల్లస్వామి మైకు వైపు ఒక అడుగు వేశాడు, ఆగాడు. వంగి, గిటారు వైరు చేతిలోకి తీసుకుని, దాన్ని ఎక్కడ తగిలించాలో తెలియనట్టు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.